కదలనంతసేపూ

మధ్యాహ్నం మూడున్నరకు ఆమెకు నిద్ర ఇంజెక్షన్ ఇచ్చారు. గంటలోపు నిద్ర పట్టాలని డాక్టరు చెప్పింది. పడితే ఇదే గదిలో ఉంచుతారు, తెల్లారాక పాపను పక్కలోకి ఇస్తారు. పట్టకపోతే పై అంతస్తుకు మారుస్తారు. పై అంతస్తులోకి పసిపిల్లల్ని రానివ్వరు.

భర్త తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాడు. తలుపుకి ముఖం ఎత్తున పలకంత అద్దం ఉంది. లేచి నిలబడితే మంచం కనిపిస్తుంది, కూర్చుంటే తలుపు మాత్రమే. లేవొద్దని నర్సు చెప్పింది. మాటిమాటికీ అద్దంలో ముఖం తేలుతుంటే లోపలున్న మనిషికి నిద్రెలా పడుతుందని అడిగింది. న్యాయమే. అతను కూర్చున్నాడు. కూర్చుని ఎదురుచూడడం అతనికి రాని పని కాదు, అతనికి వచ్చిన పనే అది, నెల తిరిగేసరికి జీతమిచ్చేది కూడా దానికే. పండ్ల ఈగలు. అరటిపండు మగ్గితే ఎక్కడినుంచో వచ్చి ముసురుకునే ఈగలు, నువ్వుగింజకంటే పెద్దవి కావు. వాటిని సీసాల్లో పెంచి, మొక్కజొన్న పిండీ ఈస్టూ చక్కెరా ఉడికించి మేత పోసి, పొద్దున్నే ఆడవాటినీ మగవాటినీ కుంచెతో వేరుచేసి, ఏ ఆడది ఏ మగదానితో కలిసింది, కలిశాక ఏం చేసింది అని చూసే పరిశోధనశాలలో అతని ఉద్యోగం. పెళ్ళి కుదిరినప్పుడు అబ్బాయి ఏం చేస్తాడని చుట్టాలు అడిగితే ఆమే చెప్పింది, ఈగలు తోలుకుంటాడు, పైగా దానికి జీతమిస్తారు అని. అందరూ నవ్వారు. ఆ తరవాత ఏ ఇంట్లో పండు మీద ఈగ వాలినా, అదిగో మీ వాళ్ళొచ్చారు అనేవాళ్ళు. ఆమె కళ్ళద్దాల షాపులో చూపు పరీక్షించేది. వచ్చిన మనిషిని మెషిన్ ముందు కూర్చోబెట్టి గడ్డం ఆనించమని, మెషిన్ చూపించిన అంకెను రాసుకుని, ఆ అంకెను నమ్మకుండా అద్దం తరవాత అద్దం మార్చి, ఇదా, ఇదా, ఏది బాగుంది అని అడిగేది. మెషిన్ చెప్పేది సగమే, మిగతా సగం మనిషిని అడగాలి అనేది. అడగడానికి వీల్లేని ప్రాణులతో పని అతనిది. ఒకసారి అతను షాపుకి వెళ్ళి కూర్చుంటే, ఒక ముసలాయన ఇదా అంటే అదే అంటాడు, అదా అంటే ఇదే అంటాడు, ఆమె విసుక్కోకుండా ఆ రెండు అద్దాలే మార్చి మార్చి పెట్టింది. బయటికొచ్చాక అతను అడిగాడు, ఆయనకి తేడా తెలియడం లేదు కదా, ఏదో ఒకటి రాసేయొచ్చుగా అని. తేడా తెలియడం లేదనే కదా ఆయన చెబుతున్నాడు, అదీ జవాబే అంది.

నేల తుడిచే మనిషి వచ్చి కాళ్ళు ఎత్తమన్నాడు. అతను ఎత్తాడు. తడిగుడ్డ బెంచీ కిందినుంచి అవతలికి పోయింది, ఫినాయిలు వాసన వచ్చింది, ఆ వాసన కింద పులుపు వాసన లేదు. పరిశోధనశాలలో ఎంత కడిగినా ఈస్టు పులుపు పోదు, చొక్కాలకు పడుతుంది, కడుపుతో ఉన్నప్పుడు ఆమె ఆ చొక్కాల్ని గది బయటే విడవమనేది. బయట విడిచి, స్నానం చేసి, వచ్చి పక్కలో పడుకుని, ఆమె అడిగితే ఆ రోజు ఏం చేశాడో చెప్పేవాడు. మగ ఈగ ఇచ్చేది బీజం ఒక్కటే కాదు. దాంతోపాటు ఒక స్రావం వెళ్తుంది. ఆ స్రావంలో ప్రొటీన్లుంటాయి, వాటిలో ఒకటి వీర్యకణాల తోకలు పట్టుకుని ఆడ ఈగ కడుపులో చేరి, కొద్దికొద్దిగా ఊడి వంట్లోకి దిగుతుంది. దిగుతున్నంతకాలం ఆ ఈగ వేరే ఈగ. గుడ్ల మీద గుడ్లు పెడుతుంది. అంతకుముందు అంతగా ముట్టని ఈస్టు తింటుంది. ఇంకో మగది దగ్గరికొస్తే కాలితో తంతుంది. జత కూడని ఆడ ఈగలు మధ్యాహ్నం కునుకు తీస్తాయి, ఇది తీయదు. ఆ కునుకు ఎటు పోయిందో కనుక్కోవడమే నా పని అన్నాడు. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుని విన్నది.

"మరి ఆ ఈగకి అదంతా తన ఇష్టమే అనిపిస్తుందా?"

"అడగలేం కదా."

"మా షాపుకి తీసుకురా. నేనడుగుతాను."

ఇద్దరూ నవ్వారు, ఆమె నవ్వుకి పొట్ట కదిలింది, లోపల చిన్నది కూడా కదిలింది, అతను చెయ్యి వేసి చూశాడు. ఆ రాత్రి ఆమె వెంటనే నిద్రపోయింది. గురక కూడా పెట్టింది. గురక పెట్టావని పొద్దున చెబితే ఒప్పుకోలేదు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు, ఆమె అసలు నిద్రకి మొహమాటమే ఎరగని మనిషి. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి నిద్రపోయేది, సినిమాలో విశ్రాంతికి ముందే పోయేది, పెళ్ళయిన కొత్తలో అతను ఏదో ముఖ్యమైన మాట చెబుతుంటే మధ్యలో నిద్రపోయింది. ఆ మాట ఏమిటో ఇప్పుడు అతనికి గుర్తు రావడం లేదు. గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. లోపల మంచం చప్పుడైంది. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

వరండా చివర కిటికీ దగ్గర అతని అత్తగారు పాపను భుజం మీద వేసుకుని నిలబడింది. పాప డబ్బాపాలు తాగి కక్కింది. తల్లి పాలు ఇవాళ్టినుంచి ఇవ్వకూడదని, ఇంజెక్షను మందు పాలలోకి వెళ్తుందని డాక్టరు చెప్పింది. అత్తగారు వీపు నిమురుతూ అటూ ఇటూ నడుస్తోంది, అతని దాకా వచ్చి వెనక్కి తిరుగుతోంది. వచ్చిన ప్రతిసారీ ఏమైనా అంటుందేమోనని అతను తల ఎత్తుతున్నాడు. ఆవిడ అనాల్సింది ముందే అంది. ఆసుపత్రినుంచి పాపతో ఇంటికొచ్చిన కొత్తలోనే, అతను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, అమ్మాయి చూపు నాకు బాగా కనబడలేదు బాబూ అంది. రాత్రి వంటింట్లో నిలబడి ఒంటరిగా తింటోందనీ, పలకరిస్తే ఎవరో అన్నట్టు చూస్తోందనీ, పాప పడుకున్నా తను పడుకోవడం లేదనీ చెప్పింది. అతను ఆవిడకు వివరించాడు. ప్రసవమయ్యాక శరీరం మారుతుంది అత్తయ్యా, ఆకలి మారుతుంది, నిద్ర మారుతుంది, మనుషులు దగ్గరికొస్తే నచ్చదు, కొన్నాళ్ళకి సర్దుకుంటుంది అన్నాడు. ఆవిడ విన్నది. పెద్ద చదువు చదివినవాడు చెబుతున్నాడు కదా అనుకుని ఉంటుంది. అతను చెప్పిన ఒక్కొక్క మాటా మనుషుల గురించి కాదని ఆవిడకు తెలియదు. చెబుతున్నప్పుడు అతనికీ తెలియదు.

తెలియదనడం కూడా సరికాదు. పరిశోధనశాలలో పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి, మేత గిన్నె కలుపుతూ అడగనే అడిగింది. అతను ఇంటి సంగతులు చెబుతున్నాడు, వేళాపాళా లేకుండా తింటోంది, చెయ్యి వేస్తే విదిలిస్తోంది, మధ్యాహ్నం కునుకు తీయడం లేదు, పాప చుట్టూనే తిరుగుతోంది అని.

"నువ్వు చెప్పేది మీ ఆవిడ సంగతా, మూడో సీసా సంగతా?"

అతను నవ్వాడు. ఆవిడ గరిటె తిప్పడం ఆపి, నేను సరదాకి అనడం లేదు, ఒకసారి చూపించు అంది. చూపిద్దాం, తగ్గకపోతే చూపిద్దాం అన్నాడు. తగ్గుతుందని అతనికి నమ్మకం. సీసాల్లో తగ్గుతుంది. తోకల మీద నిల్వ ఉన్నది అయిపోగానే ఆడ ఈగ మళ్ళీ మునుపటిలా తిని, మునుపటిలా పడుకుని, మగదాన్ని దగ్గరికి రానిస్తుంది. ఎన్నిసార్లు చూశాడు. గ్రాఫులో గీత పైకి లేస్తుంది, అక్కడే ఉంటుంది, మెల్లగా దిగుతుంది. ఇంట్లో ఆ గీత దిగే రోజు కోసం చూస్తున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఏదో మొండివాళ్ళ గురించి అనుకునేవాడు. నాలుగో కాలు కళ్ళెదుటే ఉండి కూడా లెక్కలోకి రాకపోవచ్చని అనుకోలేదు.

పైగా నిద్రపోతోందని అతనే సాక్ష్యం చెప్పాడు. అత్తగారికి చెప్పాడు, పాపకు టీకా వేసిన నర్సుకు చెప్పాడు, ఇవాళ ఇక్కడ డాక్టరుకు చెప్పాడు. రాత్రి నాకు మెలకువ వచ్చి చూసినప్పుడల్లా పడుకునే ఉందండీ అని. అబద్ధం కాదు. చూశాడు. పరిశోధనశాలలో ఈగ నిద్రను కొలిచే పెట్టెలు వరసగా ఉంటాయి. వేలెడు గాజుగొట్టంలో ఒక్కో ఈగ ఉంటుంది, గొట్టానికి నడిమధ్య కంటికి కనబడని కాంతిగీత ఉంటుంది, ఈగ దాన్ని దాటితే పెట్టె ఒకటి వేసుకుంటుంది. ఐదు నిమిషాలు దాటకపోతే నిద్ర అని రాసుకుంటుంది. ఈగకి కనురెప్పలు లేవు, మూసిందో తెరిచిందో చూడ్డానికి లేదు, అందుకని కదలకపోవడమే నిద్ర. పనిలో చేరిన మొదట్లో అతను కూడా అడిగాడు, కదలకుండా మెలకువగా ఉంటేనో అని. నేర్పిన పెద్దాయన, దాని మనసులో దూరి చూస్తావా, ఏదో ఒక గీత గీసుకోకపోతే పని సాగదు అన్నాడు. సాగింది. ఎంత బాగా సాగిందంటే ఇంట్లో మెలకువ వచ్చిన రాత్రుల్లో పక్కకు తిరిగి ఆమెను చూసేవాడు, గోడవైపు తిరిగి పడుకుని ఉండేది, దుప్పటి భుజం దాకా ఉండేది, కాసేపు చూసేవాడు, కదిలేది కాదు. పడుకుంది అనుకుని అతను పడుకునేవాడు. ఒక రాత్రి, ఆమె పేరు పెట్టి పిలుద్దామా అనిపించింది. నిద్ర చెడగొట్టడమెందుకని ఊరుకున్నాడు. ఆ రాత్రి పిలిచి ఉంటే పలికేది. అది అతనికి ఇప్పుడు తెలుసు. ఇప్పుడు లేచి, తలుపు తోసి, పిలిస్తేనో. పిలవకూడదు. ఇవాళ పిలవకూడదు.

పాప మళ్ళీ ఏడ్చింది. ఆ ఏడుపు తలుపు దాటి లోపలికి వెళ్తుందేమోనని అతను అత్తగారికి చేత్తో సైగ చేశాడు. ఆవిడ మెట్లవైపు వెళ్ళిపోయింది. సొంత బిడ్డ గొంతు తల్లికి వినబడకుండా బయటికి తీసుకెళ్ళమన్నవాణ్ణి నేను అనుకున్నాడు. ఇవాళ పొద్దున ఆమె తెచ్చి చూపించింది ఈ బిడ్డనే. స్నానానికి నీళ్ళు తోడి ఉన్నాయి. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆమె పాపను రెండు చేతుల్తో పట్టుకుని వచ్చి అతని ముఖం ముందు నిలిపింది. ఇదా, అంది. పక్కకు తీసి, మళ్ళీ తెచ్చి నిలిపింది. ఇదా, అంది. పాప కాళ్ళాడిస్తోంది. షాపు ఆట ఆడుతోందనుకుని అతను, రెండోదే బాగుంది అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆమె తల ఊపి, పాపను పక్కకు తీసింది. ఇంకోసారి తెచ్చింది. గొంతులో తొందర లేదు, విసుగు లేదు, ముసలాయన ముందు ఎలా ఉందో అలాగే ఉంది.

"సరిగ్గా చూసి చెప్పండి. వీళ్ళలో ఒకరే మనవాళ్ళు."

చెప్పండి అంది. ఆమె అతన్ని ఏనాడూ మీరు అనలేదు. చుట్టాల ముందైనా మీరు అను, బాగుండదు అని తల్లి పోరితే, నా నోరు తిరగదమ్మా అనేది. ఆ 'అండి' దగ్గర అతని చేతులు గుండీ మీదే ఆగిపోయాయి. అంతకుముందు తిండీ, నిద్రా, విదిలింపూ అన్నీ సీసాల్లో చూసినవే, వేటికీ బెదరలేదు. ఇది ఏ సీసాలోనూ లేదు. ఆమె చూపు అతని భుజం మీదుగా గోడమీదికి, షాపులో అయితే అక్షరాల పట్టీ ఉండే చోటికి పోయింది. అతను పాపను అందుకున్నాడు. ఆమె వెంటనే ఇచ్చేసింది. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

డాక్టరు ఎప్పటినుంచి నిద్ర లేదని అడిగినప్పుడు అతనే ముందు మాట్లాడాడు. నిద్ర ఉందండీ, తక్కువే, కానీ ఉంది, నేను చూశాను, గంటల తరబడి కదలకుండా పడుకుంటుంది అన్నాడు. డాక్టరు అతనివైపు కాక మంచంవైపు తిరిగి, పడుకున్నప్పుడు నిద్ర వస్తోందా అమ్మా అని అడిగింది. అంతే. అంత చిన్న మాట. ఇంట్లో అతనూ అత్తగారూ ఉన్నారు, ఎవరూ ఆమెను ఆ మాట అడగలేదు.

"నేను కదిలితే ఈయనకి మెలకువ వస్తుందండీ. పొద్దున్నే లేచి పనికెళ్ళాలి. అందుకని కదలను."

డాక్టరు రాసుకుంది. అత్తగారు పాప తలమీద గుడ్డ సర్దింది. అతను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు, నాకు మెలకువ వస్తే వచ్చేది అనాలనుకున్నాడు, ఇప్పుడది ఎవరికి పనికొస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అప్పటినుంచీ ఆ రాత్రులన్నీ అతని బుర్రలో వెనక్కి తిరిగి వస్తున్నాయి. ఆమె వీపు వస్తోంది. దుప్పటి అంచు వస్తోంది. ఆ వీపు అవతల కళ్ళు తెరిచి, గోడను చూస్తూ, అతను ఊపిరి తీసే తీరునుబట్టి మెలకువగా ఉన్నాడో లేదో పోల్చుకుంటూ, అతను చూస్తున్నంతసేపూ చెయ్యి తిమ్మిరెక్కినా తీయకుండా ఉన్న మనిషి. అతను ఆమెను కొలుస్తున్నాననుకున్నాడు. ఆమె అతన్ని నిద్రపుచ్చుతోంది. పాపను నిద్రపుచ్చి, ఆ తరవాత అతన్ని.

డాక్టరును వరండాలో ఆపి ఒక మాట అడిగాడు. నా వల్ల జరిగిందా అని. ఏం చేశారేమిటి, కొట్టారా అంది డాక్టరు. లేదన్నాడు. మరేమిటంది. చెప్పాలంటే సీసాలనుంచి మొదలుపెట్టాలి. పరిశోధనశాలలో ఒక జాతి మగ ఈగలున్నాయి, వాటి స్రావంలో ఆ ఒక్క ప్రొటీన్ లేకుండా చేశారు. వాటితో కలిసిన ఆడ ఈగలు పిల్లల్ని కంటాయి, కొన్ని గుడ్లే పెడతాయి, మధ్యాహ్నం కాగానే ఎప్పటిలాగే కునుకు తీస్తాయి. ఆ సీసా మీద నీలం చీటీ ఉంటుంది. తనలోంచి ఏదో ఆమెలోకి వెళ్ళి, కడుపులో కూర్చుని, కొద్దికొద్దిగా ఊడి ఈ పని చేసిందా, నీలం చీటీ మగవాణ్ణి చేసుకుని ఉంటే ఇప్పుడు ఆమె బస్సులో కడ్డీ పట్టుకుని నిద్రపోతుండేదా అని అడగాలి. మనుషుల్లో అలాంటిదేమీ లేదని అతనికే తెలుసు. డాక్టరు చెప్పేదీ తెలుసు. కాన్పు తరవాత కొందరికి వస్తుంది, హార్మోన్లు ఒక్కసారి పడిపోతాయి, నిద్ర పోతే ఇంకా ముదురుతుంది, ఎవరి తప్పూ కాదు, త్వరగా తీసుకొస్తే త్వరగా తగ్గుతుంది. డాక్టరు అవే అంది. అన్నాక, వెళ్తూ వెళ్తూ, ఇంకాస్త ముందు తీసుకురావాల్సింది అంది. తప్పు స్రావానిదైతే అతను ఏమీ చేయలేకపోయేవాడు. అందుకే కాబోలు దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. స్రావానికి చెవులు లేవు, పక్కలో పడుకున్న మనిషిని పిలవగలిగే నోరు లేదు. అతనికి రెండూ ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. నర్సు బయటికొచ్చి, ఇంకా పట్టలేదు సార్ అంది. మగతగా ఉంది, కళ్ళు వాలుతున్నాయి, మళ్ళీ తెరుస్తున్నారు, మిమ్మల్ని అడుగుతున్నారు, కాసేపు పక్కన కూర్చోండి, మాట్లాడించకండి అంది. అతను లేచాడు. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. మాట్లాడకుండా ఉండడం ఒక్కటే ఇప్పుడు చేయగలిగిన పని, అది బాగా చేయాలి అనుకున్నాడు. లోపల తెర లాగి ఉంది. స్టూలు చప్పుడు కాకుండా జరిపి కూర్చున్నాడు. ఆమె అతన్ని చూసింది. చూసిన వెంటనే గోడవైపు తిరిగింది, దుప్పటి భుజం దాకా లాక్కుంది, ఇక కదల్లేదు. ఊపిరి నెమ్మదించింది. వీపు లేస్తోంది, దిగుతోంది. మందు పనిచేస్తోందనుకున్నాడు. నర్సు ఒక అడుగు వెనక నిలబడి చూసి, మంచం అవతలి పక్కకు, గోడకూ మంచానికీ మధ్య సందులోకి వెళ్ళింది. వంగి ఆమె ముఖం చూసింది. తిరిగి వచ్చి అతని భుజం తట్టి, తలుపు దాకా నడిపించింది.

"మీరు బయటే ఉండండి సార్. మీరుంటే ఆవిడ నిద్ర నటిస్తున్నారు."

అతను బయటికొచ్చాడు. నాలుగున్నరకు డాక్టరు వచ్చి చూసి, రెండో ఇంజెక్షన్ రాసి, ఇంకాసేపు చూద్దామంది. అత్తగారు మెట్ల దగ్గర పాపకు డబ్బాపాలు పట్టింది, ఈసారి పాప కక్కలేదు, నిద్రపోయింది. ఐదుంపావుకి పై అంతస్తునుంచి చక్రాల కుర్చీ వచ్చింది. ఆమె మెలకువగానే ఉంది. ఎవరూ పట్టుకోకుండా లేచి వచ్చి కుర్చీలో కూర్చుంది.